ఆంధ్ర రొయ్య అమెరికాకు ఎంత వెళ్తోంది? రాష్ట్ర ఎగుమతిని లెక్కగట్టే పద్ధతి

ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికాకు ఏటా ఎంత విలువైన రొయ్య వెళ్తోందని నలుగురిని అడిగితే నాలుగు అంకెలు వస్తాయి. ఎవరూ అబద్ధం చెప్పరు. ఒకరు విశాఖ పోర్టు దాటిన సరుకంతా లెక్కేస్తారు, ఒకరు రాష్ట్రంలో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీల అమ్మకాలు కూడతారు. ఇంకొకరు మత్స్య ఎగుమతి మొత్తాన్ని రొయ్య అనుకుంటారు, మరొకరు రూపాయల్లో పెరుగుదల చూసి వ్యాపారమే పెరిగిందంటారు. ఈ అంకెలే చివరికి భీమవరంలో చెరువు గట్టు మీద పలికే ధర గురించిన వాదనల్లోకి వస్తాయి. కాబట్టి ఏది కొలిచామో, ఎలా కొలిచామో కచ్చితంగా ఉండాలి.

ఇక్కడ చెప్పే పద్ధతి ఏ రాష్ట్రానికైనా, ఏ దేశానికైనా పనికొస్తుంది. ఉదాహరణకు మాత్రం చెరువుల్లో పెంచే వెనామీ రకం రొయ్య, అమెరికా మార్కెట్ తీసుకున్నాం.

ముందు ఒక వాక్యం రాసుకోండి

అంకెలు దించుకోకముందే, కొలవబోయేదాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఇలా: "ఆంధ్రప్రదేశ్‌లో ప్రాసెస్ అయి, 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు అమెరికా తుది గమ్యంగా ఎగుమతైన రొయ్యల ఎఫ్‌ఓబీ విలువ డాలర్లలో, నికర బరువు టన్నుల్లో." ఇందులోని ప్రతి మాటకూ పని ఉంది. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడలోకి ఎక్కేవరకు అయిన విలువ. "ప్రాసెస్ అయి" అన్నాం, "పెరిగి" అనలేదు. కైకలూరు చెరువులో పెరిగిన రొయ్య కాకినాడలోనో విశాఖలోనో తల తీయించుకుని, గడ్డకట్టి, డబ్బాలో పడుతుంది. ఎగుమతి కాగితాల్లో సాధారణంగా కనిపించేది ఫ్యాక్టరీ ఊరే, చెరువు ఊరు కాదు. జిల్లాలవారీగా కొలిచేవారు ఇది మరిచిపోతే ఆక్వా మండలాలకు ఎగుమతే లేదన్నట్టు పట్టిక తయారవుతుంది.

జిల్లాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. పశ్చిమ గోదావరి పేరు మిగిలింది కానీ దాని హద్దులు మారాయి. పాత, కొత్త అంకెలను ఒకే గీతలో కలపాలంటే కొత్త జిల్లాలను కూడి పాత హద్దులకు దగ్గరగా తేవాలి. అలా కుదరకపోతే 2022 దగ్గర గీత తెంపి చూపాలి. రాష్ట్రం స్థాయిలో ఇలాంటి తెంపు 2014 జూన్ 2 దగ్గర ఉంది. అంతకు ముందున్న "ఆంధ్రప్రదేశ్"లో తెలంగాణ కూడా ఉంది. రొయ్యకు దీనివల్ల పెద్ద తేడా రాదు. మందుల ఎగుమతికైతే హైదరాబాద్ ఒక్కటే లెక్కను తలకిందులు చేస్తుంది.

కోడుల ఎంపిక

సరుకును పేరుతో కాదు, హెచ్‌ఎస్ కోడుతో, అంటే అంతర్జాతీయ వర్గీకరణలో ఆ సరుకుకు ఇచ్చిన సంఖ్యతో, పట్టుకోవాలి. మొదటి ఆరు అంకెలు ఈ వర్గీకరణ వాడే దేశాలన్నిటికీ ఒకటే. ఆ తర్వాతివి దేశానికో రకం: మన దగ్గర మొత్తం ఎనిమిది, అమెరికాలో పది. రెండు దేశాల అంకెలు పోల్చాలంటే ఆరు అంకెల దగ్గరే ఆగాలి.

రొయ్యకు ముఖ్యమైనవి ఇవి. 030617 గడ్డకట్టిన రొయ్య, చల్లని నీటి రకాలు కానిది. వెనామీ, టైగర్ రెండూ ఇందులోకే వస్తాయి. 160521, 160529 పొట్టు ఒలిచి వండినవి, మసాలా లేదా బ్రెడ్ పొడి పూసినవి, ఇతరత్రా తయారు చేసినవి. 030616 చల్లని నీటి రొయ్య, మనకు దాదాపు అక్కర్లేదు. 030636, 030695 గడ్డకట్టనివి, ఎండినవి. పరిమాణం చిన్నదే, అయినా చూసి వదలండి.

చాలామంది 030617 ఒక్కటే తీసుకుని ఆగిపోతారు. పొట్టు ఒలిచి ఆవిరిలో ఉడికించినది, బ్రెడ్ పూసినది 1605లోకి వెళ్తుంది. ఫ్యాక్టరీలు పచ్చి సరుకు నుంచి తయారీ సరుకుకు మారుతున్నకొద్దీ 030617 తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి తగ్గింది ఎగుమతి కాదు, ఒక కోడు. కాబట్టి 0306, 1605 రెండూ కూడాలి, విడిగానూ చూపాలి.

2012కు ముందు అంకెలు కావాలంటే 030613, 160520 చూడాలి. ఆ ఏడాది వర్గీకరణ సవరణలో ఇవే కొత్త కోడులుగా చీలాయి. 2017లో గడ్డకట్టని రకాల కోడులు మారాయి. కోడు మారిన ఏడాది సున్నా కనిపిస్తే ఎగుమతి ఆగిపోయిందనుకోకండి.

మన వైపు అంకె ఎక్కడ పుడుతుంది

మూలం షిప్పింగ్ బిల్లు. ఎగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే ఈ కాగితంలోంచే కోల్‌కతాలోని వాణిజ్య గణాంకాల డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఐఎస్, దేశ ఎగుమతి లెక్కలు తయారుచేస్తుంది. కేంద్ర వాణిజ్య శాఖ వెబ్‌సైట్ ట్రేడ్‌స్టాట్‌లో ఇవి దేశం, సరుకు వారీగా ఉచితంగా దొరుకుతాయి. రాష్ట్రం, జిల్లా వారీగా కావాలంటే 2022 జూన్‌లో మొదలైన నిర్యాత్ పోర్టల్ చూడాలి. రాష్ట్రం, దేశం, ఎనిమిది అంకెల కోడు మూడూ ఒకేచోట కావాలంటే డీజీసీఐఎస్‌కే అడగాలి.

షిప్పింగ్ బిల్లులో మనకు కావలసిన గడులు ఇవి: పుట్టిన రాష్ట్రం, పుట్టిన జిల్లా, తుది గమ్య దేశం, దింపే పోర్టు, ఎక్కించే పోర్టు, నికర బరువు, ఎఫ్‌ఓబీ విలువ, జీఎస్టీ నంబరు. 2020 ఫిబ్రవరి 15 నుంచి రాష్ట్రం, జిల్లా రాయడం తప్పనిసరి అయింది. అంతకు ముందున్న రాష్ట్రాలవారీ అంకెలను తర్వాతి వాటితో సమానంగా నమ్మకండి. వెనక్కి వెళ్లేకొద్దీ "రాష్ట్రం తెలియదు" అనే గడి పెద్దదవుతుంది.

తప్పు ఎక్కువగా జరిగేవి రెండు చోట్ల.

మొదటిది పోర్టును రాష్ట్రం అనుకోవడం. విశాఖలో ఎక్కే రొయ్యలో ఒడిశా సరుకు ఉంటుంది. నెల్లూరు వైపు సరుకు చెన్నైలో ఎక్కుతుంది. పోర్టు లెక్క పోర్టు ఎంత పని చేసిందో చెబుతుంది, రాష్ట్రం ఎంత అమ్మిందో చెప్పదు. తెలంగాణకు సముద్రమే లేదు, పోర్టు పద్ధతిలో దాని ఎగుమతి శంషాబాద్ విమానాశ్రయానికీ ఇన్‌లాండ్ డిపోలకూ, అంటే తీరానికి దూరంగా ఉండే కంటైనర్ కేంద్రాలకూ, కుదించుకుపోతుంది.

రెండోది దింపే పోర్టును గమ్య దేశం అనుకోవడం. తూర్పు తీరం నుంచి వెళ్లే కంటైనర్లు కొలంబోలోనో సింగపూర్‌లోనో పెద్ద ఓడకు మారతాయి. దింపే పోర్టు గడి చూస్తే శ్రీలంక మన రొయ్యను విపరీతంగా తింటున్నట్టు వస్తుంది. తుది గమ్య దేశం గడినే వాడాలి. డబ్బు తీసుకుని షిప్‌మెంట్ డేటా అమ్మేవారి దగ్గర కొనేటప్పుడు ఆ గడి ఉందో లేదో అడిగి మరీ కొనండి.

రాష్ట్రం గడిని సరిచూడటం

తప్పనిసరి చేసినంత మాత్రాన గడి సరిగ్గా నిండదు. కొందరు ఏజెంట్లు ఫ్యాక్టరీ రాష్ట్రానికి బదులు హెడ్ ఆఫీసు రాష్ట్రం రాస్తారు. చెన్నైలోనో కొచ్చిలోనో ఆఫీసు ఉండి, సరుకు కృష్ణా జిల్లాలో కొనే మర్చంట్ ఎగుమతిదారుల దగ్గర, అంటే ఇతరుల సరుకు కొని ఎగుమతి చేసేవారి దగ్గర, ఇది ఎక్కువ.

బిల్లు స్థాయి డేటా చేతిలో ఉంటే జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు చూడండి. 37 ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ, 33 తమిళనాడు, 32 కేరళ, 21 ఒడిశా. రాష్ట్రం గడి, జీఎస్టీ అంకె, ఎక్కించిన పోర్టు మూడూ ఆంధ్రనే చూపితే నిశ్చింతగా కలపండి. రెండే కలిస్తే ఫ్యాక్టరీ ఎక్కడుందో చూడాలి. సముద్ర ఉత్పత్తులు ప్రాసెస్ చేసే ప్లాంట్లకు ఆమోద నంబర్లు ఉంటాయి, వాటి చిరునామాలూ దొరుకుతాయి. అన్నిటికంటే నమ్మదగ్గ ఆధారం అదే.

బిల్లు స్థాయి డేటా లేకపోతే ఒకే అంకె చెప్పే ప్రయత్నం మానుకోండి, రెండు హద్దులు చెప్పండి. ఆంధ్ర అని స్పష్టంగా రాసినది కింది హద్దు. దానికి "రాష్ట్రం తెలియదు" గడిలో ఆంధ్ర పోర్టుల గుండా పోయినదాన్ని కలిపితే పై హద్దు. హద్దుల మధ్య దూరం తక్కువైతే అంకె గట్టిది. ఎక్కువైతే ఆ విషయమే పాఠకుడికి తెలియాలి.

బరువు

విలువ కంటే బరువు దగ్గరే ఎక్కువ పొరపాట్లు. ఒక్కోసారి కిలోలున్న గడిలో టన్నులు పడతాయి, దశాంశ బిందువు జారుతుంది. కిలో ధర లెక్కేస్తే ఇట్టే దొరికిపోతాయి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, అంటే ఎంపెడా, లెక్క ప్రకారం 2023-24లో దేశం నుంచి 7,16,004 టన్నుల గడ్డకట్టిన రొయ్య దాదాపు 488 కోట్ల డాలర్లకు వెళ్లింది. అంటే సగటున కిలో 6.82 డాలర్లు. ఏ వరుసలోనైనా కిలో 1 డాలరో 40 డాలర్లో వస్తే ఆపి చూడండి. కంటైనర్ల సంఖ్య ఉంటే ఇంకో పరీక్ష కూడా ఉంది: నలభై అడుగుల రీఫర్‌లో, అంటే శీతల కంటైనర్‌లో, ఎంత కుక్కినా 30 టన్నులు దాటదు.

రొయ్య చుట్టూ ఉండే మంచు పూతను, అంటే గ్లేజింగ్‌ను, నికర బరువులో కలపకూడదు. మొత్తం బరువు గడిని వాడితే పూత, అట్టపెట్టె అన్నీ రొయ్య అయిపోతాయి.

ఎగుమతి టన్నులను చెరువు టన్నులతో నేరుగా పోల్చకండి. తల తీస్తే బరువులో దాదాపు మూడో వంతు పోతుంది. పొట్టు కూడా ఒలిస్తే మిగిలేది సగానికి కాస్త ఎక్కువ. తల తీసిన సరుకు ఒక టన్ను కావాలంటే చెరువులో సుమారు ఒకటిన్నర టన్ను పట్టాలి, ఒలిచిన టన్నుకు రెండు టన్నులకు దగ్గరగా పట్టాలి. ఇది మరిచి "ఉత్పత్తిలో సగమే ఎగుమతి, మిగతాది ఏమైంది" అని రాసే వ్యాసాలు తరచూ కనిపిస్తాయి. మిగతాది తలలు, పొట్టు.

కౌంటు విషయంలోనూ ఇదే జాగ్రత్త. మన రైతు 30 కౌంటు అంటే తలతో సహా కిలోకు 30 రొయ్యలు. అమెరికాలో 21/25 అంటే పౌండుకు 21 నుంచి 25. తల తీసిన 30 కౌంటు రొయ్య ఒక్కోటి 21, 22 గ్రాములు తూగుతుంది. పౌండు 454 గ్రాములు. కాబట్టి అది 21/25 దరిదాపుల్లో పడుతుంది. అమెరికా పది అంకెల కోడులు సైజును బట్టి చీలుతాయి కనుక, ఏ సైజు సరుకుకు గిరాకీ పడిపోతోందో తెలియాలంటే ఈ మార్పు చేతిలో ఉండాలి.

విలువ, కరెన్సీ

మన ఎగుమతి లెక్కల్లో విలువ ఎఫ్‌ఓబీయే. అమ్మకం ఏ షరతుతో జరిగినా దానికే దించాలి. అమెరికాకు వెళ్లే రొయ్యలో చాలా సరుకు సుంకం కూడా ఎగుమతిదారే భరించే డీడీపీ షరతు మీద అమ్ముతారు. అప్పుడు ఇన్‌వాయిస్ మొత్తంలోంచి ఓడ బాడుగ, బీమా, అమెరికా సుంకం తీసేస్తేనే ఎఫ్‌ఓబీ వస్తుంది. సుంకం తక్కువున్న రోజుల్లో ఇక్కడ పొరపాటు జరిగినా పెద్దగా తెలియదు. 2025 ఆగస్టు 27న భారత సరుకులో చాలావాటి మీద అదనపు సుంకం 50 శాతానికి చేరాక ఇదే పెద్ద తేడా అయింది. కంపెనీల అమ్మకాల అంకెలు కూడి రాష్ట్ర ఎగుమతి చెప్పేవారు ఆ సొమ్ములో కొంత అమెరికా ఖజానాకు పోయిందని గమనించాలి.

రూపాయల్లో వచ్చిన ప్రతి అంకెనూ దాని డాలరు అంకెతో భాగించి చూసుకోండి. 2023-24 మత్స్య ఎగుమతి 60,523.89 కోట్ల రూపాయలు, 738 కోట్ల డాలర్లు అని ఎంపెడా చెప్పింది. భాగిస్తే డాలరుకు దాదాపు 82 రూపాయలు. ఇంకో సంస్థ అంకెలో ఈ రేటు వేరుగా వస్తే ఆ రెండింటిలో ఒకదాని రూపాయిని మరోదాని డాలరుతో కలపకూడదు. పైగా ఎంపెడా సరుకు గుంపులు హెచ్‌ఎస్ కోడులు కావు. ఒక పట్టికకు ఒకే మూలం వాడండి.

అమెరికా వైపు అద్దం

మనం పంపామన్నదీ వాళ్లు అందుకున్నామన్నదీ పక్కపక్కన పెడితే తప్పులు బయటపడతాయి. అమెరికా సెన్సస్ బ్యూరో యూఎస్‌ఏ ట్రేడ్ ఆన్‌లైన్‌లో దేశం, పది అంకెల కోడు, నెల వారీగా దిగుమతులు ఉచితంగా దొరుకుతాయి. అక్కడి సముద్ర, వాతావరణ సంస్థ నోవాలోని మత్స్య విభాగం డేటాబేస్‌లో అయితే కోడు గుర్తులేకపోయినా "రొయ్య" అని వెతకవచ్చు.

అయితే అందులో భారత్ ఉంటుంది, ఆంధ్ర ఉండదు. కాబట్టి అద్దం పరీక్ష దేశం మొత్తానికి చేయాలి. దేశం స్థాయిలో రెండు వైపులా దగ్గరగా కలిస్తే, రాష్ట్రం అంకెలో మిగిలిన సందేహం రాష్ట్రం గడిదే అని తేలుతుంది.

ఈ పోలికలో నాలుగు విషయాలు సరిచేసుకోవాలి. అమెరికా లెక్కలో కస్టమ్స్ విలువ, బాడుగ, బీమా కలిపిన సీఐఎఫ్ విలువ రెండూ ఉంటాయి. మన ఎఫ్‌ఓబీకి దగ్గరిది కస్టమ్స్ విలువ, అందులో బాడుగ, బీమా, సుంకం ఉండవు. బాడుగకు గుడ్డిగా పది శాతం తగ్గించే పాత అలవాటు ఇక్కడ అక్కర్లేదు. రెండోది, "జనరల్ ఇంపోర్ట్స్" తీసుకోండి. "ఇంపోర్ట్స్ ఫర్ కన్సంప్షన్" తీసుకుంటే బాండెడ్ గోదాములోకి, అంటే సుంకం కట్టకముందు సరుకు ఉంచేచోటికి, వెళ్లిన సరుకు బయటికి వచ్చిన నెలలో కనిపిస్తుంది. మూడోది సమయం: ఓడ ప్రయాణం నెలకు పైనే, కనుక మన ఏప్రిల్–మార్చిని వాళ్ల జూన్–మేతో పోల్చండి. సుంకం పెరిగే తేదీ ముందు సరుకు తొందరగా పంపేస్తారు, అలాంటి నెలల్లో ఒక్కో నెలను పోల్చడం దండగ, మూడు నెలల మొత్తాలు చూడండి. నాలుగోది వియత్నాం వంటి మూడో దేశం. మన రొయ్య అక్కడికి వెళ్లి ఒలిచి అమెరికాకు చేరితే మన లెక్కలో అది వియత్నాంకు ఎగుమతి. అమెరికా మాత్రం పుట్టిన దేశం పద్ధతిలో రాస్తుంది, దాని నియమాల ప్రకారం ఒకోసారి భారత్ ఖాతాలోనే వేస్తుంది.

ఇవన్నీ చేశాక కొద్ది శాతం తేడా మిగిలితే సర్దుకోవచ్చు. పదిహేను, ఇరవై శాతం ఉంటే కోడుల జాబితా దగ్గరికి వెనక్కి వెళ్లండి, తప్పు మామూలుగా అక్కడే ఉంటుంది. తనిఖీలో తిరస్కరించి వెనక్కి పంపిన సరుకు మన ఎగుమతిలోంచి తగ్గదు, తిరిగొచ్చినప్పుడు దిగుమతిగా నమోదవుతుంది. నికర ఎగుమతి కావాలంటే దాన్ని వేరుగా తీసేయాలి.

పెరిగిందా, తగ్గిందా

ఊహించిన అంకెలతో ఒక లెక్క చూద్దాం. నిరుడు 1,000 టన్నులు, కిలో 8 డాలర్లు, డాలరుకు 80 రూపాయలు. ఈ ఏడు 1,100 టన్నులు, కిలో 7.40 డాలర్లు, డాలరుకు 84 రూపాయలు. విలువ 80 లక్షల డాలర్ల నుంచి 81.4 లక్షలైంది. రూపాయల్లో 64 కోట్లు 68.38 కోట్లయింది.

టన్నుల్లో 10 శాతం పెరుగుదల, డాలర్లలో 1.75 శాతం, రూపాయల్లో 6.8 శాతం. మూడూ నిజమే. కానీ కిలో ధర ఏడున్నర శాతం పడిపోయిందన్న సంగతి ఈ మూడింటిలో ఏదీ చెప్పదు. అందుకే మార్పును విడదీయాలి. పెరిగిన 100 టన్నులను పాత ధరతో గుణిస్తే 8 లక్షల డాలర్ల లాభం. తగ్గిన 60 సెంట్లను కొత్త బరువు 1,100 టన్నులతో గుణిస్తే 6.6 లక్షల నష్టం. మిగిలింది 1.4 లక్షలు. ఈ రెండు ముక్కలూ లేకుండా పెరుగుదల శాతం ఒక్కటే ప్రచురించడం రైతుకు అన్యాయం చేయడమే.

ధర పడిందని తేల్చేముందు సరుకు కూర్పు మారిందేమో చూడండి. పెద్ద కౌంటు తగ్గి చిన్నది పెరిగితే, ప్రతి సైజు ధరా అలాగే ఉన్నా సగటు పడిపోతుంది. ఒలిచినది, తల తీసినది, వండినది విడివిడిగా లెక్కేయాలి.

రాష్ట్రం ఆ దేశం మీద ఎంత ఆధారపడిందో చెప్పడానికి ఒక నిష్పత్తి చాలు. రాష్ట్ర ఎగుమతిలో అమెరికా వాటాను దేశ ఎగుమతిలో అమెరికా వాటాతో భాగించండి. 2023-24లో దేశం సరుకుల ఎగుమతి సుమారు 437 బిలియన్ డాలర్లు, అందులో అమెరికాకు 77.5 బిలియన్లు, అంటే 17.7 శాతం. ఏదైనా రాష్ట్రం వాటా 30 శాతం అయితే నిష్పత్తి 1.7. ఒకటికి ఎంత పైన ఉంటే అమెరికా సుంకం దెబ్బ ఆ రాష్ట్రానికి దేశ సగటు కంటే అంత ఎక్కువ తగులుతుంది. ఇవి సరుకుల లెక్కలే సుమా. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఎగుమతి షిప్పింగ్ బిల్లు మీద వెళ్లదు, దాని దారి వేరు. తెలంగాణ–అమెరికా వ్యాపారం అని రాసేటప్పుడు ఈ రెండింటినీ కలిపేయకండి.

పట్టిక కింద రాయాల్సింది

నెల మధ్యలో వచ్చే తొలి అంచనాలు తర్వాత మారతాయి. అమెరికా కూడా ఏటా పాత నెలలను సవరిస్తుంది. డేటా దించిన తేదీ రాసి పెట్టుకోండి, దించిన ఫైలును మార్చకుండా దాచండి. పట్టిక కింద ఇంత మాత్రం తప్పక ఉండాలి: "హెచ్‌ఎస్ 030617, 160521, 160529. ఎఫ్‌ఓబీ, డాలర్లలో. నికర బరువు, గ్లేజింగ్ లేకుండా. తుది గమ్య దేశం ఆధారంగా. రాష్ట్రం: షిప్పింగ్ బిల్లులోని పుట్టిన రాష్ట్రం. రాష్ట్రం తెలియని సరుకు కింది హద్దులో లేదు, పై హద్దులో ఆంధ్ర పోర్టుల వరకు కలిపాం. ఏప్రిల్–మార్చి. డేటా దించిన తేదీ ఫలానా."